సముద్రం లేని సీమలో ఉప్పు దిబ్బలు

పురావస్తు పరిశోధనకు ఉప్పు ఒక విచిత్రమైన సవాలు విసురుతుంది, ఎందుకంటే తవ్వకాలలో అది దాదాపు ఎన్నడూ దొరకదు. మనుషులు తినగా, పశువులు నాకగా మిగిలినది వానకు కరిగి నేలలో ఇంకిపోతుంది కనుక, ఉప్పు చరిత్రను వెతికేవారు ఉప్పును వదిలి, ఉప్పు తీశాక పారబోసిన మట్టిని, పగిలిన కుండపెంకులను, పొయ్యి బూడిదను, నీరు నిలిపిన గుంటలను వెతుకుతారు. ఈ వెతుకులాట ఎక్కువగా జరిగింది సముద్రతీరపు చిత్తడి నేలలలో. అయితే తీరానికి బహుదూరంగా, కృష్ణా తుంగభద్రల నడుమా, కృష్ణ ఉత్తరపు ఒడ్డునా ఉన్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకు కూడా ఈ శాస్త్రంతో చాలా దగ్గరి సంబంధం ఉన్నది, ఎందుకంటే తీరపు చిత్తడిలో మధ్యయుగాల యూరపు ప్రజలు ఉప్పు తీసిన పద్ధతి, దక్కను మెట్ట సీమలో చౌడు మట్టి నుండి ఉప్పరులు ఉప్పు తీసిన పద్ధతి మూలసూత్రంలో ఒక్కటే.

ఇంగ్లండు తూర్పు తీరంలోని లింకన్‌షైర్ ఈ అధ్యయనానికి పేరుపడ్డ చోటు. అక్కడ పోటు సమయంలో సముద్రపు నీరు ముంచి వెళ్ళిన ఒండ్రు నేల ఎండకు ఆరినప్పుడు, దాని పైపొరలో ఉప్పు పేరుకునేది. ఆ పొరను గీకి పోగుచేసి, అడుగున గడ్డి, రెల్లు వంటివి పరచిన గుంటలలో నింపి, పైనుండి నీరు పోస్తే మట్టిలోని ఉప్పు కరిగి, ఫిల్టరులో కాఫీ డికాషన్ దిగినట్టు, చిక్కని ఉప్పునీరు అడుగుకు దిగేది. దానిని సీసపు పళ్ళేలలో పోసి, పీట్ అనే బురదనేల ఇంధనంతో మంటపెట్టి మరిగిస్తే ఉప్పు మిగిలేది. 1086లో ఇంగ్లండు రాజు చేయించిన డోమ్స్‌డే భూసర్వేలో తీరప్రాంతపు ఉప్పు తయారీ స్థలాలు వందల సంఖ్యలో నమోదయ్యాయి. ఉప్పు తీసేసిన మట్టిని ప్రతి ఏడూ పక్కనే కుప్పపోయడంతో తరతరాలలో అవి దిబ్బలుగా పెరిగాయి, దిబ్బల వల్ల తీరం ఎత్తు పెరిగి సముద్రం వెనక్కు జరిగింది, ఒకనాటి చిత్తడి పొలాలుగా మారింది. నేడు ఆ దిబ్బలే అక్కడి మధ్యయుగ పరిశ్రమకు ముఖ్యమైన సాక్ష్యాలు. జపానులోని నోటో ద్వీపకల్పంలో ఇసుక మీద సముద్రపు నీరు చల్లి, ఎండనిచ్చి, ఆ ఇసుకను కడిగి, దిగిన నీటిని మరిగించి ఉప్పు తీసే పాత పద్ధతి ఇప్పటికీ కొన్నిచోట్ల సజీవంగా ఉన్నది.

ఆంధ్ర తీరం దారి వేరు. ఎండ మెండుగా, వానలేని నెలలు ఎక్కువగా ఉన్న ఈ తీరంలో మట్టిని కడగవలసిన అవసరం గాని, కట్టెలు తగలబెట్టవలసిన అవసరం గాని పెద్దగా లేకపోయింది. ఉప్పుటేరుల నుండి నీటిని మడులకు పారించి, ఒక మడి నుండి మరొక మడికి మళ్ళించుకుంటూ, ఎండకే ఆరబెట్టి, ఉప్పు తేలాక పోగుచేసి కొఠార్లకు చేర్చడమే నౌపాడ నుండి చినగంజాం మీదుగా ఇసకపల్లి వరకూ కనిపించే ఏర్పాటు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అదే నీరు ఇగిరి లీటరుకు సుమారు 360 గ్రాములు కరిగి ఉండే స్థితికి చేరేదాకా వంట ఉప్పు గడ్డకట్టదు, వరుస మడుల ఏర్పాటు వెనుక ఉన్న లెక్క ఇదే. అయితే ఎండతో చేసిన ఈ ఉప్పు వెనుక మిగిలేవి పలుచని గట్లు, కాలువలు మాత్రమే. ఒక తుఫాను వచ్చినా, ఒక వరద ఒండ్రు కప్పినా అవి మాయమవుతాయి. అందువల్ల చరిత్రలో ఒక విరుద్ధమైన పరిస్థితి ఏర్పడింది: సులువుగా, విస్తారంగా ఉప్పు పండిన తీరంలో పాత ఆనవాళ్ళు తక్కువ, కష్టపడి కొద్దికొద్దిగా ఉప్పు పిండుకున్న మెట్ట సీమలో అవి ఎక్కువ.

ఆ మెట్ట సీమలో ఉప్పు ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు నేలలోనూ, వాతావరణంలోనూ ఉన్నది. పాలమూరు, అనగా పాత మహబూబ్‌నగర్ జిల్లా, దక్షిణ భాగం పురాతనమైన గ్రానైటు, నైస్ శిలల మీద ఉన్నది. ఆ రాళ్ళు శిథిలమయ్యే క్రమంలో వాటిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజాల నుండి సోడియం విడుదలవుతుంది. గద్వాల ప్రాంతం తెలంగాణలో అతి తక్కువ వానలు పడే చోట్లలో ఒకటి కనుక, ఆ లవణాలను కడిగి నదికి చేర్చేంత నీరు పల్లపు నేలలకు అందదు. పైగా వేసవిలో నేల లోపలి తడి సన్నని రంధ్రాల గుండా పైకి పాకి, ఆవిరై, తనతో తెచ్చిన లవణాలను పైపొర మీద వదిలివెళ్తుంది. తెల్లవారుజామున వాగుల పక్కన, చెరువు కట్టల దిగువన తెల్లగా పొంగి కనిపించే చౌడు ఇలా ఏర్పడినదే. సేద్యగాడికి అది శాపమే అయినా, చాకలి వారికి బట్టలు ఉడకబెట్టడానికి, గాజుల పనివారికి గాజు కరిగించడానికి, ఉప్పరికి ఉప్పు తీయడానికి అదే ముడిసరుకు. ఒకే బీడు మూడు నాలుగు వృత్తులకు ఆధారమైన ఈ వ్యవస్థను వ్యవసాయాన్ని మాత్రమే లెక్కపెట్టే రెవెన్యూ దృష్టి ఏనాడూ సరిగా గుర్తించలేదు.

చౌడు నుండి ఉప్పు తీసే పనిలో ఆరితేరినవారు ఉప్పర కులస్థులు. సగర చక్రవర్తి సంతతిగా చెప్పుకొనే వీరిని తెలంగాణలో సగరులు అని కూడా అంటారు. 1909లో వెలువడిన తన బృహద్గ్రంథంలో ఎడ్గార్ థర్‌స్టన్ వీరి పూర్వపు వృత్తి ఉప్పు తయారీ అని, తరువాత చెరువుల తవ్వకం, మట్టిపని, కట్టడపు పనులలోకి మళ్ళారని వివరించాడు. అంతకు శతాబ్దం ముందే, 1800–01లో మైసూరు రాజ్యంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్, కన్నడ సీమలోని ఉప్పరులు చౌడు మట్టి నుండి ఉప్పు తీయడాన్ని నమోదు చేశాడు.

బళ్ళారి, రాయచూరు సీమలలో ఈ పని జరిగే దిబ్బకు మోడ అని పేరు. ఎత్తుగా పోసిన మట్టి గుట్ట మీద వరుసగా గుంటలు తవ్వి, అడుగున వడపోతకు ఏర్పాటు చేసి, వాటిని చౌడు మట్టితో నింపి, పైనుండి నీరు పోసేవారు. కరిగి దిగిన ఉప్పునీరు గుంటల అడుగు నుండి కాలువ గుండా తొట్టిలో చేరేది, అక్కడి నుండి దానిని సున్నపు గచ్చు చేసిన లోతు తక్కువైన మడులకు మార్చి ఎండబెట్టేవారు. లింకన్‌షైర్‌లో సీసపు పళ్ళెం, పీట్ మంట చేసిన పనిని ఇక్కడ గచ్చు మడి, వేసవి ఎండ చేశాయి. మిగిలినదంతా సమానమే. సారం పోయిన మట్టిని గుంటల నుండి తోడి గుట్ట అంచున పారబోయడం వల్ల మోడ ఏటికేడు ఎత్తు పెరిగేది, పైకి నీరు, మట్టి మోయడం కష్టమైనప్పుడు దానిని వదిలి మరొకచోట కొత్త మోడ మొదలుపెట్టేవారు.

గద్వాల, అలంపురం తాలూకాలు 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా రాయచూరు జిల్లాలో భాగంగా ఉండేవన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. భాషా సరిహద్దు ఆ తరువాత గీసినది, నేల మాత్రం ఒకటే. కృష్ణా తుంగభద్రల మధ్య పశ్చిమం నుండి తూర్పుకు సాగే రాయచూరు అంతర్వేది తూర్పు కొసనే తెలుగువారు నడిగడ్డ అంటారు. కాబట్టి మోడల గురించి రాయచూరు, బళ్ళారి వైపు నమోదైన విషయాలు నడిగడ్డ చరిత్రకారుడికి ఇంటి పత్రాల వంటివే. ఊరి పేరులో ఉప్పు కనిపించగానే అక్కడ ఉప్పు పండిందని తేల్చడం మాత్రం తొందరపాటు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఉప్పునుంతల వంటి పేర్లు దారి చూపవచ్చు గాని సాక్ష్యం కావు, బావి నీరు ఉప్పగా ఉన్నా ఊరికి అటువంటి పేరు రావచ్చు.

ఇంత శ్రమపడి చేదు కలిసిన ఉప్పు తీయవలసిన అవసరం ఏమిటన్నది లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. మనిషికి రోజుకు 5 గ్రాముల చొప్పున తీసుకున్నా వెయ్యిమంది ఉన్న ఊరికి ఏడాదికి 1,800 కిలోలకు పైగా ఉప్పు కావాలి. ఒక్కొక్క ఎద్దు 120 కిలోలు మోస్తుందనుకుంటే అది 15 ఎడ్ల బరువు. గొల్ల కురుమల గొర్రెల మందలకు, తోళ్ళు పదును చేసేవారికి, పచ్చళ్ళకు, ఎండుచేపలకు కావలసినది దీనికి అదనం. మచిలీపట్నం నుండి గద్వాలకు సూటిగా కొలిచినా 350 కిలోమీటర్లు ఉంటుంది, మేస్తూ నడిచే ఎడ్ల బిడారు ఆ దూరాన్ని నెల రోజులకు తక్కువ కాకుండా నడుస్తుంది. ఈ వ్యాపారం లంబాడీల చేతిలో ఉండేది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, వేల ఎడ్లతో సాగే బిడారులను వర్ణిస్తూ, సరుకు మోసే జాతులలో ఒక తెగ ఉప్పును మాత్రమే మోస్తుందని రాశాడు. తీరపు ఉప్పు రుచిలో మేలైనదే అయినా దారిలో సుంకాలు, యుద్ధాలు, కరువులు దాని ధరను పెంచేవి. పేదవాడికి, పశువుకు చౌడు ఉప్పు దిక్కయింది.

ఉప్పు మీద పాలకుల కన్ను పడని కాలం లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం లవణాధ్యక్షుడు అనే అధికారిని పేర్కొన్నది. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి నాసిక్ శాసనంలో, బౌద్ధ భిక్షువులకు దానమిచ్చిన భూమిని ఉప్పు కోసం తవ్వరాదన్న మినహాయింపు కనిపిస్తుంది. ప్రాకృతంలో దానిని అలోణఖాదకం అన్నారు. ఆ మినహాయింపు దానభూమికి ప్రత్యేకంగా ఇవ్వవలసి వచ్చిందంటే, మిగిలిన భూములలో ఉప్పు తవ్వే హక్కు రాజుదేనని అర్థం. సుమారు నాలుగో శతాబ్దానికి చెందిన పల్లవ శివస్కందవర్మ హిరేహడగలి రాగిరేకులు కూడా దానగ్రామాన్ని ఉప్పు, బెల్లం సంబంధమైన పీడల నుండి విడుదల చేశాయి. ఈ శాసనం దొరికిన హిరేహడగలి బళ్ళారి సీమలోనిదే. సముద్రం కనుచూపు మేరలో లేని చోట ఒక రాజు ఉప్పు గురించి మినహాయింపు ఇస్తున్నాడంటే, అక్కడి నేల నుండి ఉప్పు తీయడం, దాని మీద పన్ను వసూలు చేయడం అప్పటికే సాగుతున్నాయని ఊహించడం సమంజసమే. ఈ ఒక్క మాట పది దిబ్బల తవ్వకానికి సరిపడా ప్రేరణ ఇవ్వాలి.

మధ్యయుగాల చివర, తుపాకులు, ఫిరంగులు వచ్చాక, చౌడు మట్టికి మరొక విలువ చేరింది. పాత ఊళ్ళ పాటిమట్టిలో, పశువుల కొట్టాల నేలలో చేరే నైట్రేట్ లవణాల నుండి పెట్లుప్పు, అనగా సురేకారం తయారుచేసేవారు. తుపాకి మందులో అధిక భాగం అదే. వడపోత గుంట ఒకటే, తేడా అంతా తరువాతి దశలో ఉన్నది. వంట ఉప్పు వేడినీటిలోను చన్నీటిలోను దాదాపు సమానంగా కరుగుతుంది. సురేకారం మాత్రం మరిగే నీటిలో విపరీతంగా కరిగి, చల్లారగానే సూదులవలె గడ్డకడుతుంది. కనుక ద్రావకాన్ని మరిగించి వంట ఉప్పును ముందు వేరుచేసి, మిగిలినదాన్ని చల్లారబెడితే రెండు సరుకులు వేరువేరుగా చేతికి వస్తాయి. సోమనాద్రి కట్టించిన గద్వాల కోట వంటి సంస్థానపు కోటల చరిత్ర చదివేవారు బురుజుల మీది ఫిరంగుల వద్ద ఆగిపోతారు, వాటిలో కూరిన మందు ఎక్కడి మట్టిదన్న ప్రశ్న దాకా సామాన్యంగా వెళ్ళరు.

ఈ వృత్తిని చంపినది ప్రకృతి కాదు, పన్ను. ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చుకున్నది. తీరంలో చేసిన ఉప్పును కొఠార్లలో పెట్టి కాపలా కాయడం సాధ్యమే గాని, ఊరూరా చౌడు గీకి చేసే ఉప్పు మీద నిఘా కష్టం కనుక, 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో బళ్ళారి, కర్నూలు వంటి జిల్లాలలో మట్టి ఉప్పు తయారీని క్రమంగా అణచివేశారు. 1871లో రాయచూరు వద్ద మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు కలవడంతో తీరపు ఉప్పు మూటలు చవకగా లోపలికి చేరసాగాయి, ఆ పోటీకి మోడలు తట్టుకోలేకపోయాయి. 1839లో కర్నూలు నవాబును తొలగించాక తుంగభద్ర దక్షిణపు ఒడ్డు కంపెనీది, ఉత్తరపు ఒడ్డున అలంపురం నిజాముది కనుక, మద్రాసు ఉప్పు చట్టం నది దాకానే చెల్లేది. 1930 ఏప్రిల్‌లో దండి వద్ద గాంధీజీ చిటికెడు ఉప్పు తీయడానికి దశాబ్దాల ముందే ఉప్పు చట్టం చేతిలో జీవనోపాధి కోల్పోయినవారు మెట్ట సీమ ఉప్పరులు. ఉప్పు సత్యాగ్రహ చరిత్రలో వారికి ఒక పేజీ కూడా దక్కకపోవడం అన్యాయం.

ఇక ఇటువంటి దిబ్బను గుర్తుపట్టడం ఎలాగన్న ప్రశ్న. నడిగడ్డ పరిసరాలలో దిబ్బలు పలు రకాలు. మొదటివి నవీన శిలాయుగపు బూడిద దిబ్బలు. రేమండ్ ఆల్చిన్ 1957లో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు వద్ద తవ్వినది ఇటువంటి దిబ్బనే, అది క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దిలో పశువుల దొడ్డిలో పేరుకున్న పేడ తగలబడి ఏర్పడినది. ఆ సంగతి స్థిరపడకముందు పండితులు బూడిద దిబ్బలను అగ్నిపర్వతపు పదార్థమని, లోహపు కొలిముల చిట్టెమని రకరకాలుగా ఊహించారు. రెండో రకం పాటి దిబ్బలు, అనగా జనం విడిచివెళ్ళిన పాత ఊళ్ళు. వాటిలో కుండపెంకులు, పూసలు, ఎముకలు, గోడల అడుగుభాగాలు దండిగా ఉంటాయి. ఉప్పు దిబ్బ ఈ రెంటికీ భిన్నం. అందులో కడిగి వడిసిన సన్నని మట్టి పలుచని పొరలు పొరలుగా వాలి కనిపిస్తుంది, ఇంటి చెత్త చాలా తక్కువ, కోసి చూస్తే మట్టి మెత్తిన గుంటల అంచులు, గచ్చు ముక్కలు, ఒకే రకం పెద్ద కుండల పెంకులు బయటపడతాయి. దిబ్బ ఎప్పుడూ చౌడు నేల పక్కన, నీటికి అందుబాటులో ఉంటుంది, ఎందుకంటే రెంటిలో ఏది దూరమైనా మోత ఖర్చు ఉప్పు విలువను మించిపోతుంది.

రసాయన పరీక్షలో ఒక చిక్కు ఉన్నది. ఉప్పు దిబ్బ అనగానే దానిలో ఉప్పు ఎక్కువ ఉండాలని అనిపిస్తుంది, కాని అది ఉప్పు తీసేసిన మట్టి. పైగా శతాబ్దాల వానలు మిగిలిన కాస్త ఉప్పునూ కడిగివేస్తాయి. అందువల్ల చుట్టుపక్కల చౌడు కంటే దిబ్బ లోపలి మట్టిలో లవణం తక్కువగా ఉండటమే కొన్నిసార్లు సాక్ష్యమవుతుంది. కాలనిర్ణయానికి పొయ్యి బొగ్గు దొరికితే రేడియో కార్బన్ పద్ధతి, దొరకకపోతే మట్టి రేణువులు చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని కొలిచే కాంతి ఉద్దీపన పద్ధతి అక్కరకు వస్తాయి. గీకి, కడిగి, ఎండలో పారబోసిన మట్టికి ఈ రెండో పద్ధతి బాగా నప్పుతుంది. ఏ దిబ్బ ఎక్కడ ఉండేదో తెలుసుకోవడానికి పాత సర్వే పటాలతో పాటు, అమెరికా 1960 నుండి 1972 వరకు తీసి 1995లో రహస్య ముద్ర తొలగించిన కరోనా ఉపగ్రహ చిత్రాలు ఎంతో ఉపకరిస్తాయి, ఎందుకంటే ఆ చిత్రాలలోని పాలమూరు జూరాల కాలువలకు, శ్రీశైలం జలాశయానికి ముందరి పాలమూరు.

శ్రీశైలం జలాశయం నిండేముందు మునక గ్రామాల ఆలయాలను రాయి రాయిగా విప్పి తరలించిన పని దేశంలోనే గొప్ప పురావస్తు ప్రయత్నాలలో ఒకటి. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి, జటప్రోలు, సోమశిల ఆలయాలు ఎత్తైన చోట్లకు ఆ విధంగా చేరాయి. అయితే శిల్పం ఉన్నదే చరిత్ర అన్న ధోరణి ఆ గొప్ప పనిలో కూడా దాగి ఉన్నది. రాయిని మార్చవచ్చు, మట్టి దిబ్బను మార్చలేము, కనీసం కొలిచి, ఒక కోత కోసి, మట్టి నమూనా తీసి దాచవచ్చు. కాలువల కింద సాగు పెరిగిన కొద్దీ రైతులు దిబ్బలను చదును చేయడం సహజం, పాటిమట్టి అనుకొని ట్రాక్టర్లతో తోలుకుపోవడమూ సహజమే. వారిని తప్పుపట్టడం సరికాదు, అది ఏమిటో వారికి చెప్పినవారు లేరు.

2016 అక్టోబరులో ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు తమ తమ చరిత్రలను కొత్తగా రాసుకొనే అవకాశం వచ్చింది. ఆ చరిత్రలలో సంస్థానాధీశుల వంశవృక్షాలకు, ఆలయ శిఖరాలకు చోటు తప్పక దొరుకుతుంది. వాటితోపాటు రాష్ట్ర వారసత్వ శాఖ, ప్రాంతీయ కళాశాలల చరిత్ర, భూవిజ్ఞాన శాఖలు కలిసి చౌడు నేలల వెంట ఒక దిబ్బల సర్వే జరపాలి. ఉప్పర పెద్దలు తాతల నుండి విన్న గుంటల కొలతలు, నేలను నాలుకతో రుచి చూసి ఎంచుకొనే పద్ధతి, పనిముట్ల పేర్లు ఆ పెద్దలు ఉండగానే రాసిపెట్టాలి. తమ పొలంలో ఇంటి చెత్త పెద్దగా లేని, సన్నని మట్టి పొరలున్న వాలు దిబ్బ ఉన్న రైతులు దానిని చదును చేసేముందు ఫోటో తీసి వారసత్వ శాఖ అధికారులకు చూపించాలి.